రేవు, ఆశ్రయం, ఇసుక: తూర్పు తీరంలో ఓడరేవు నిర్మాణ చరిత్ర – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

బంగాళాఖాతపు పడమటి తీరంలో సహజమైన లోతు రేవులు అరుదు. ఈ తీరంలో ఓడల నుంచి సరుకు దించడానికి మూడు దశల్లో మూడు రకాల ప్రయత్నాలు జరిగాయి. మొదటిది అలల మీద వంగే కుట్టు పడవ, రెండవది ఇసుకలోకి దించిన ఇనుప గుంజల రేవు, మూడవది సముద్రాన్ని అడ్డగించే రాతికట్టల నౌకాశ్రయం. ఈ పరిణామాన్ని సాంకేతిక ప్రగతిగా వర్ణించడం పరిపాటి. తీరం వెంబడి నిత్యం సాగే ఇసుక తరలింపును కేంద్రంగా తీసుకుంటే ఇదే చరిత్ర మరో విధంగా కనిపిస్తుంది. మద్రాసు, పుదుచ్చేరి, విశాఖపట్నం నిర్మాణాలను పోల్చి, ఓడరేవు కట్టడమంటే ఇసుక బాధ్యతను స్వీకరించడమేనని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఓడరేవు, మరగుంజ, బ్రేక్‌వాటర్, తీరపు ఇసుక తరలింపు, మద్రాసు, పుదుచ్చేరి, విశాఖపట్నం, తీరపు కోత.

1. ఉపోద్ఘాతం

కాకతీయ గణపతిదేవుడు శా.శ. 1166 (సా.శ. 1244)లో మోటుపల్లిలో వేయించిన అభయశాసనం ఆంధ్రుల సముద్రవ్యాపార చరిత్రకు ముఖ్యమైన ఆధారం. తుపాను వాతపడి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు బలవంతంగా స్వాధీనం చేసుకునేవారనీ, తాము మాత్రం నిర్ణీతమైన సుంకం తప్ప మరేమీ తీసుకోబోమనీ ఆ శాసనం వర్తకులకు హామీ ఇస్తుంది. సా.శ. 1358లో రెడ్డిరాజు అనవోతారెడ్డి కూడా మోటుపల్లి వర్తకులకు రాయితీలు ప్రకటించాడు. చరిత్రకారులు ఈ శాసనాలను సాధారణంగా వాణిజ్యనీతికి, రాజధర్మానికి నిదర్శనంగా పేర్కొంటారు.

ఈ శాసనాలకు మరో కోణం కూడా ఉంది. ఓడలు ఒడ్డున పగలడం ఆనాడు చట్టం చేయవలసినంత తరచుగా జరిగేది. పగిలిన ఓడ సరుకు ఎవరికి చెందాలన్నది రాజు తేల్చగలిగాడు. ఓడ పగలకుండా కాచే కట్టడం మాత్రం ఆ కాలంలో సాధ్యం కాలేదు. ఈ తీరంలో ప్రకృతి ఇవ్వని రక్షణను మొదట ధర్మం ద్వారా, ఆ తరువాత ఆరు శతాబ్దాలకు ఇనుము ద్వారా, రాయి ద్వారా సమకూర్చుకునే ప్రయత్నం జరిగింది. ఆ ప్రయత్నాల స్వరూపాన్నీ ఫలితాలనూ కింది విభాగాలు పరిశీలిస్తాయి.

2. రేవు – ఆశ్రయం: రెండు మాటలు, రెండు పనులు

తెలుగులో ‘రేవు’ అనే మాటకు నీటిలోకి దిగే చోటు అని అర్థం. చాకిరేవు, స్నానపు రేవు, పడవల రేవు అనే ప్రయోగాలన్నింటిలోనూ ఉన్నది ఈ అర్థమే. రేవు ఉండాలంటే అక్కడ కట్టడం ఉండి తీరాలన్న నియమం లేదు. నేలకూ నీటికీ మధ్య మనుషులూ సరుకులూ అటూ ఇటూ మారే స్థలం ఉంటే చాలు. ‘నౌకాశ్రయం’ అనే సంస్కృత సమాసం వేరొక పనిని సూచిస్తుంది. గాలివానలో, పెద్ద కెరటాలలో ఓడ తలదాచుకునే చోటు అది.

వ్యవహారంలో ఈ రెండు మాటలూ పర్యాయపదాలుగా చెలామణి అవుతున్నాయి. నిర్మాణశాస్త్ర దృష్టితో చూస్తే ఇవి రెండూ వేరువేరు అవసరాలు. రేవుకు కావలసింది ఒడ్డు నుంచి లోతు నీటి దాకా చేరే మార్గం. దానికి గుంజల మీద నిలిచిన వంతెన వంటి కట్టడం సరిపోతుంది. ఆశ్రయానికి కావలసింది నిశ్చలమైన నీరు. దానికి అలను అడ్డుకునే ఘనమైన గోడ తప్పదు. మొదటి కట్టడం కింద నుంచి నీరూ ఇసుకా సాగిపోతాయి. రెండవ కట్టడం వద్ద రెండూ ఆగిపోతాయి. ఈ భేదమే తూర్పు తీరపు ఓడరేవుల చరిత్రను నిర్ణయించింది.

మచిలీపట్నం, కృష్ణపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం, చెన్నపట్నం వంటి పేర్లలోని ‘పట్నం’ సముద్రతీరపు వర్తక స్థలాన్ని సూచిస్తుంది. ఇన్ని పట్నాలున్న ఈ తీరంలో పంతొమ్మిదో శతాబ్దపు చివరి పాదం దాకా మానవనిర్మితమైన నౌకాశ్రయం ఒక్కటి కూడా లేకపోవడం గమనార్హం. అవన్నీ రేవులుగానే ఉన్నాయి.

3. తీరం స్వభావం: ఇసుక నడక

తూర్పు తీరంలో ఇసుక స్థిరంగా ఉండదు. నైరుతి రుతుపవన కాలంలోనూ, దానికి ముందు వేసవి నెలల్లోనూ కెరటాలు దక్షిణ దిక్కు నుంచి ఏటవాలుగా ఒడ్డును తాకుతాయి. కెరటం ఏటవాలుగా పైకెక్కి, నేరుగా కిందికి జారుతుంది. అలా ఎక్కి దిగిన ప్రతిసారీ ఇసుక రేణువు కొద్దిగా ఉత్తరానికి జరుగుతుంది. ఈశాన్య రుతుపవన కాలంలో ఈ కదలిక తిరగబడి ఇసుక దక్షిణానికి సాగుతుంది. అయితే ఆ కాలం తక్కువ. సంవత్సరం మొత్తానికి లెక్క వేస్తే ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికే తరలుతుంది. ఇలా తరలే ఇసుక ఏటా లక్షల టన్నులు ఉంటుంది.

దీనికి ప్రత్యక్ష నిదర్శనం కాకినాడ ఎదుట ఉన్న హోప్ ఐలాండ్. గోదావరి తెచ్చిన ఒండ్రు, ఇసుక కెరటాల వల్ల ఉత్తరానికి సాగి, పొడవైన దిబ్బగా పెరిగి, కాకినాడ అఖాతానికి సహజమైన అడ్డుకట్టగా ఏర్పడింది. దీన్ని ఏ ఇంజనీరూ నిర్మించలేదు. ఇసుక తన దారిన సాగి, ఒక చోట ఆగి, ఆశ్రయాన్ని సృష్టించింది. అదే ఒండ్రు ప్రాచీనమైన కోరంగి రేవును పూడ్చివేయడంలోనూ పాలుపంచుకుంది. ఇసుక ఒక రేవును కాపాడగలదు, మరో రేవును మూయగలదు. దాని గతిని గమనించకుండా ఈ తీరంలో నిర్మాణ చరిత్ర రాయడం అసంపూర్ణమవుతుంది.

4. కుట్టు పడవ: వంగి నిలిచే విధానం

ఓడ ఒడ్డుకు రాలేని చోట ఒడ్డే ఓడ దగ్గరికి వెళ్లాలి. ఆ పని చేసినది ఆంగ్లేయుల రికార్డుల్లో ‘మసూలా’ పడవగా పేరొందిన కుట్టు పడవ. తెలుగు మత్స్యకారులు దీన్ని పడవ అనే సామాన్యనామంతోనే వ్యవహరించారు. పలకలను ఇనుప మేకులతో బిగించకుండా కొబ్బరి పీచు తాళ్లతో కుట్టి, సందుల్లో పీచు కూరి దీన్ని తయారు చేసేవారు. లోపల గట్టి పక్కటెముకల చట్రం ఉండదు. విరిగే కెరటం మీద నుంచి ఒడ్డున పడినప్పుడు మేకులు కొట్టిన పడవ పగులుతుంది, కుట్టు పడవ వంగి ఆ దెబ్బను తట్టుకుంటుంది. దుంగలను కలిపి కట్టిన తెప్పలు కూడా ఇదే విధంగా కెరటాలకు ఎదురొడ్డక, వాటితో కలిసి కదిలేవి.

మద్రాసు రేవులో లంగరు వేసిన ఓడలకు, ఒడ్డుకు మధ్య ప్రయాణికులను, సరుకులను రెండు శతాబ్దాలకు పైగా చేరవేసినవి ఈ పడవలే. గంజాం తీరం నుంచి మద్రాసు దాకా ఇవే వాడుకలో ఉండేవి. గోపాలపురం, పూరీ తీరాల్లో వీటిని నడిపినవారిలో తెలుగు మాట్లాడే నోలియా మత్స్యకారులు ప్రముఖులు. సాంకేతిక చరిత్రల్లో కుట్టు పడవను ‘నౌకాశ్రయానికి పూర్వపు’ ఆదిమ సాధనంగా చెప్పి ముందుకు సాగడం కనిపిస్తుంది. తీరాన్ని ఏమాత్రం మార్చకుండా తీరంతో పని చేయించుకున్న సాధనంగా దానిని గుర్తించడం సమంజసం. అయితే దీనికి పరిమితులు ఉన్నాయి. సరుకు తడిసేది, మనుషులు మునిగేవారు, తుపాను హెచ్చరిక రాగానే ఓడలు లంగరు ఎత్తి నడిసముద్రంలోకి పారిపోవలసి వచ్చేది. పెరుగుతున్న వాణిజ్యానికి ఈ నష్టం మోయలేని భారమైంది.

5. మరగుంజలు: మద్రాసు ఇనుప రేవు

మద్రాసులో సముద్రంలోకి చొచ్చుకుపోయే రేవు కట్టాలన్న ఆలోచన 1770 ప్రాంతంలో, వారెన్ హేస్టింగ్స్ అక్కడ పనిచేస్తున్న కాలంలోనే వచ్చింది. అది కార్యరూపం దాల్చడానికి దాదాపు తొంభై ఏళ్లు పట్టింది. ఈ ఆలస్యానికి ధనాభావం ఒక్కటే కారణం కాదు. విరిగే కెరటాల నడుమ కదిలే ఇసుకలో గుంజ నాటే ఉపాయం అప్పటికి లేదు.

గుంజను నేలలోకి దించే పాత పద్ధతి బరువైన సుత్తితో మోదడం. దట్టమైన ఇసుకలో ఈ పద్ధతి కష్టసాధ్యం. కొంత లోతుకు వెళ్లాక ఇసుక గుంజను పట్టేస్తుంది. పైగా ఉష్ణమండల సముద్రాల్లో కర్రగుంజలను ఓడపురుగు తొలిచి కొద్ది ఏళ్లలోనే డొల్ల చేస్తుంది. ఈ సమస్యకు పరిష్కారం చూపినవాడు బెల్ఫాస్ట్‌లో స్థిరపడిన అంధ ఇంజనీరు అలెగ్జాండర్ మిచెల్. 1833లో ఆయన పేటెంట్ పొందిన మరగుంజ ఒక ఇనుప కమ్మీ. దాని అడుగున వెడల్పాటి మర రెక్క ఉంటుంది. పైభాగానికి అడ్డుచేతులు బిగించి మనుషులు చుట్టూ తిరుగుతూ తిప్పితే, అది మరమేకు కర్రలోకి దిగినట్లు ఇసుకలోకి దిగుతుంది. వెడల్పైన రెక్క బరువును విస్తారమైన ఇసుక మీద పంచుతుంది, అల పైకి లాగినప్పుడు గుంజ ఊడిరాకుండా పట్టి ఉంచుతుంది. థేమ్స్ నది ముఖద్వారం దగ్గర మాప్లిన్ ఇసుకదిబ్బ మీద 1838లో దీపస్తంభం కోసం ఇటువంటి గుంజలు దించారు. తరువాతి దశాబ్దంలో రేవుకట్టల నిర్మాణానికీ ఈ పద్ధతిని అన్వయించారు. భారతదేశంలో బొంబాయి–బరోడా రైలుమార్గపు వంతెనలకు కూడా మరగుంజలు వాడారు.

ఇసుకలో పునాది వేయడం దక్షిణ భారతానికి కొత్త విద్య కాదు. ఇటుకలతో గుండ్రని బావి కట్టి, లోపలి ఇసుకను తోడుతూ, దాని బరువుతోనే దానిని కిందికి దించే పద్ధతి ఇక్కడ పూర్వం నుంచీ ఉంది. 1847–1852 మధ్య ఆర్థర్ కాటన్ కట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట కూడా ఇసుకలో దించిన బావుల ఆధారంతో నిలిచినదే. నీరు తగ్గినప్పుడు నది పడకలో బావి దించవచ్చు. రోజంతా కెరటాలు విరిగే సముద్రపు అంచున ఆ పని సాగదు. మరగుంజకు ఉన్న ప్రత్యేకత ఇక్కడే తెలుస్తుంది. పూర్తయిన భాగం చివర నుంచే తరువాతి గుంజను తిప్పి దించుతూ, కట్టడం తన మీద తానే నడుస్తూ ముందుకు సాగగలదు.

మద్రాసు ఇనుప రేవు పని 1859లో మొదలై, 1860ల తొలి సంవత్సరాల్లో అది వాడుకలోకి వచ్చింది. సుమారు వెయ్యి అడుగుల పొడవున, విరిగే కెరటాల వరసను దాటి లోతు నీటిలోకి అది చేరింది. గుంజల మధ్య నుంచి కెరటాలు, ఇసుక తమ దారిన సాగిపోయాయి. అయితే ఆ రేవు ఓడలకు ఆశ్రయం కాలేకపోయింది. ఊగిసలాడే నీటిలో పెద్ద ఓడ దాని పక్కన ఆగలేదు కాబట్టి ఓడకూ రేవుకూ మధ్య పడవల అవసరం తప్పలేదు. 1868, 1872 సంవత్సరాల తుపానుల్లో రేవు దెబ్బతిన్నది. లంగరు తెగి కొట్టుకువచ్చే ఓడలే ఇటువంటి కట్టడానికి పెద్ద ముప్పు. ఆశ్రయం లేని రేవు, తాను సేవించే ఓడల వల్లనే ప్రమాదంలో పడింది.

6. రాతి చేతులు: మద్రాసు నౌకాశ్రయం

ఇనుప రేవు అనుభవం తరువాత వర్తకుల కోరిక మారింది. వారికిప్పుడు ఆశ్రయం కావాలి. కరాచీలోని మనోరా బ్రేక్‌వాటర్‌తో సంబంధమున్న విలియం పార్క్స్ మద్రాసు నౌకాశ్రయానికి రూపకల్పన చేశాడు. 1875 డిసెంబరులో వేల్స్ యువరాజు శంకుస్థాపన చేయగా, మరుసటి ఏడు పని మొదలైంది. రాళ్లు పోసి ఎత్తు చేసిన దిబ్బ మీద భారీ కాంక్రీటు దిమ్మెలు పేర్చి, ఒడ్డు నుంచి సముద్రంలోకి రెండు చేతులు చాచినట్లు గోడలు కట్టారు. తూర్పున వాటి కొసల మధ్య ద్వారం విడిచారు.

1881 నవంబరు 12న వచ్చిన తుపాను ఈ గోడలను అరమైలుకు పైగా ధ్వంసం చేసింది. మరమ్మతులు, మార్పులు చేసి 1890ల మధ్యకు గానీ పని పూర్తి చేయలేకపోయారు. కానీ తుపానుకన్నా నిదానమైన, నిశ్శబ్దమైన సమస్య అప్పటికే మొదలైంది. దక్షిణపు గోడ ఇసుక దారికి అడ్డంగా నిలిచింది. గోడకు దక్షిణాన ఇసుక ఏటికేడు పేరుకుని సముద్రం వెనక్కి జరిగింది. తూర్పు ద్వారం పూడుకుపోసాగింది. 1904లో బాధ్యత చేపట్టిన ఫ్రాన్సిస్ స్ప్రింగ్ తూర్పు ద్వారాన్ని మూయించి, ఇసుక నేరుగా చేరని ఈశాన్య దిశలో కొత్త ద్వారం ఏర్పాటు చేయించాడు.

నగరచరిత్రలో ఈ మార్పునకు రెండు ముఖాలున్నాయి. దక్షిణాన పేరుకున్న ఇసుక విశాలమైన మెరీనా తీరంగా మారింది. గవర్నరు గ్రాంట్ డఫ్ 1884లో అక్కడ విహారమార్గాన్ని ఏర్పాటు చేసి ఆ పేరు పెట్టాడు. ఉత్తరాన, ఇసుక అందని రాయపురం నుంచి ఎన్నూరు వైపు తీరం కోతకు గురైంది. అక్కడి మత్స్యకార వాడలు ఇళ్లనూ, పడవలు లాగుకునే ఒడ్డునూ కోల్పోయాయి. ఒడ్డును నిలపడానికి రాళ్ల కట్టలు పోయవలసి వచ్చింది. మెరీనాను నగరశోభగా వర్ణించే రచనలు అనేకం. మెరీనాకు చేరిన ఇసుక ఎవరి ఒడ్డుకు చేరవలసినదన్న ప్రశ్న వాటిలో అరుదు. ఒకే గోడ ఒక వైపు విహారస్థలాన్నీ, మరో వైపు నిర్వాసితులనూ సృష్టించింది.

7. పుదుచ్చేరి సాక్ష్యం

మద్రాసులో ఇనుప రేవు కొద్దికాలమే ఉండి, దాని స్థానంలో నౌకాశ్రయం వచ్చింది. కాబట్టి రెండు నిర్మాణాల ప్రభావాన్నీ విడివిడిగా తూచడం అక్కడ కష్టం. పుదుచ్చేరిలో ఆ అవకాశం ఉంది. ఫ్రెంచివారు 1860లలో అక్కడ ఇనుప స్తంభాల మీద రేవు కట్టారు. 1866 ప్రాంతం నుంచి 1952లో తుపాను దానిని కూల్చేదాకా, ఎనిమిది దశాబ్దాలకు పైగా అది నిలిచింది. ఆ కాలమంతా పట్టణం ఎదుట ఇసుకతీరం ఉంది. కూలిన రేవు గుంజలు కొన్ని ఆ తరువాత కూడా నీటిలో నిలిచి కనిపించాయి.

1980ల చివర పట్టణానికి దక్షిణాన, అరియాంకుప్పం నది ముఖద్వారం దగ్గర బ్రేక్‌వాటర్లతో కూడిన నౌకాశ్రయం వచ్చింది. అటుపై కొద్ది ఏళ్లలోనే పట్టణం ఎదుటి ఇసుకతీరం కనుమరుగై, దాని స్థానంలో రాళ్ల కట్ట మిగిలింది. కోత క్రమంగా ఉత్తరాన తమిళనాడు గ్రామాల వైపు పాకింది. నీటి అడుగున ఉక్కు దిబ్బను అమర్చి, ఇసుకను తెచ్చి పోసి తీరంలో కొంత భాగాన్ని తిరిగి నిలబెట్టే ప్రయత్నం ఇటీవలి దశాబ్దంలో జరిగింది.

ఒకే తీరం, ఒకే కెరటాలు, ఒకే ఇసుక. మారినది కట్టడపు స్వభావం ఒక్కటే. గుంజల రేవు ఇసుకను సాగనిచ్చింది, రాతి గోడ ఆపింది. సాంకేతిక చరిత్రలో ఇంత స్పష్టమైన పోలిక అరుదుగా లభిస్తుంది. దీని ఆధారంగా గుంజల రేవే సర్వత్రా శ్రేష్ఠమని తీర్మానించడం మాత్రం తొందరపాటు అవుతుంది. 1952 తుపానులో కూలినది ఆ రేవే. ఓడలకు ఆశ్రయం ఇవ్వలేకపోవడం దాని స్వాభావికమైన లోపం.

8. విశాఖపట్నం: ఇసుకను మోసే పని

మద్రాసు అనుభవం కళ్లెదుట ఉండగా నిర్మితమైనది విశాఖపట్నం నౌకాశ్రయం. మధ్యపరగణాల మాంగనీసు ఖనిజాన్ని ఎగుమతి చేయడానికి తూర్పు తీరంలో ఓడరేవు కావాలన్న ఆలోచన పంతొమ్మిదో శతాబ్దంలోనే ఉన్నా, మొదటి ప్రపంచయుద్ధం తరువాతే దానికి ఆమోదం లభించింది. బ్రిటిష్ నౌకాదళానికి చెందిన కర్నల్ కార్ట్‌రైట్ రీడ్ ప్రతిపాదన దీనికి ప్రాతిపదిక. బెంగాల్ నాగపూర్ రైల్వే సంస్థ 1927–1933 మధ్య నిర్మాణం సాగించింది. 1931లో పూర్తయిన రాయపూరు–విజయనగరం రైలుమార్గం ఖనిజ ప్రాంతాన్ని తీరంతో కలిపింది. 1933 అక్టోబరు 7న సింధియా సంస్థకు చెందిన ‘జలదుర్గ’ ఓడ రాకతో రేవు ప్రారంభమైంది. అదే ఏడు డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ లాంఛనంగా దానిని ప్రారంభించాడు. ఖర్చు 378 లక్షల రూపాయలు.

ఇక్కడి నిర్మాణతర్కం మద్రాసు తర్కానికి తలకిందులు. మద్రాసులో సముద్రంలోకి గోడలు చాచి నీటిని చుట్టుముట్టారు. విశాఖలో సముద్రాన్ని నేల లోపలికి తెచ్చారు. డాల్ఫిన్స్ నోస్ కొండ చాటున, గెడ్డలు వచ్చి కలిసే ఉప్పుటేరును, దాని వెనక బురదనేలను డ్రెడ్జర్లతో తవ్వి లోపలి రేవును, సముద్రానికి కలిపే కాలువను తీర్చారు. ఆశ్రయం కొండ ఇచ్చింది, లోతు తవ్వకం ఇచ్చింది.

అయినా ఇసుక సమస్య పోలేదు. దక్షిణం నుంచి వచ్చే ఇసుక కొండకొసను చుట్టి కాలువ ముఖద్వారంలో పడి దిబ్బ వేయడం ఖాయం. దానికి ఇంజనీర్లు చేసిన ఏర్పాటు విలక్షణమైనది. రెండు పాత ఓడలను కొండకొస దగ్గర ముంచి, రాళ్లతో స్థిరపరచి, చిన్న బ్రేక్‌వాటర్‌గా మార్చారు. దాని చాటున ఇసుక వచ్చి పడడానికి లోతైన గుంటను తవ్వారు. ఇదే ఇసుకబోను. ఇసుక కాలువలోకి చేరకముందే ఆ బోనులో పడుతుంది, డ్రెడ్జరు దానిని తోడుతుంది. అలా తోడిన ఇసుకను కాలువకు ఉత్తరాన తీరానికి చేర్చితే, కట్టడం తెంచిన దారిని మనిషి తన శ్రమతో తిరిగి కలిపినట్లవుతుంది.

1970లలో బైలదిల్లా ఇనుప ఖనిజం ఎగుమతి కోసం వెలుపలి నౌకాశ్రయం నిర్మించినప్పుడు ఇదే సూత్రం పెద్ద ఎత్తున కొనసాగింది. పుణె సమీపంలోని కేంద్ర జల, విద్యుత్ పరిశోధన కేంద్రంలో నమూనాలపై అధ్యయనాలు జరిగాయి. డాల్ఫిన్స్ నోస్ నుంచి సాగిన దక్షిణపు బ్రేక్‌వాటర్‌తో పాటు మరి రెండు కట్టలు వచ్చాయి. నాలుగు కాళ్ల కాంక్రీటు దిమ్మెలు కెరటాల దెబ్బను చెదరగొట్టే కవచమయ్యాయి. ఇసుకబోను కూడా కొనసాగింది. అందులోని ఇసుకను తోడి రామకృష్ణా బీచి వైపు పంపే పని నౌకాశ్రయ నిర్వహణలో భాగమైంది.

ఇక్కడ ఒక సూక్ష్మమైన తేడాను గుర్తించాలి. మద్రాసులో ఇసుక నిర్మాణం తరువాత తలెత్తిన ‘సమస్య’. విశాఖలో అది నిర్మాణంలో భాగమైన ‘పని’. సమస్యకు పరిష్కారం ఒకసారి దొరికితే చాలు. పనిని ఏటేటా చేయాలి. ఏ ఏడు ఇసుక పంపడం తగ్గినా ఉత్తరపు తీరం వెంటనే ఆ లోటును చూపిస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తరువాత రామకృష్ణా బీచిలో కనిపించిన తీవ్రమైన కోత, ఈ సమతుల్యం ఎంత సున్నితమైనదో తెలియజేసింది. విశాఖ పద్ధతి శాశ్వత విజయం కాదు. అది నిరంతరం చెల్లించవలసిన బాకీ.

9. నేటి నిర్మాణాలు: పాత ప్రశ్న

నేటి ఓడరేవుల్లో గుంజకూ గోడకూ మధ్య ఎంపిక లేదు, రెండూ కలిసే ఉంటాయి. ఓడ పక్కన ఆగే వేదికను కాంక్రీటు పైళ్ల మీద కడతారు. ఉక్కు గొట్టాన్ని సముద్రగర్భంలోకి దించి, దాని లోపలి మట్టినీ ఇసుకనూ తోడి, గట్టి రాయి తగిలే దాకా రంధ్రం చేస్తారు. ఇనుప కమ్మీల పంజరాన్ని అందులోకి దింపి, సన్నని గొట్టం ద్వారా అడుగు నుంచి పైకి కాంక్రీటు నింపుతారు. మిచెల్ మరగుంజకూ దీనికీ రూపంలో పోలిక లేకపోయినా ప్రయోజనం ఒకటే. అది ఇసుకను సాగనిస్తూ బరువును మోస్తుంది. కానీ ఈ వేదికను, దాని పక్కన ఆగే ఓడను కాపాడడానికి బ్రేక్‌వాటర్లు తప్పవు. ఇసుక ఆగేది వాటి దగ్గరే.

ఆంధ్రప్రదేశ్ తీరంలో రామాయపట్నం, మచిలీపట్నం, మూలపేట ఓడరేవుల నిర్మాణం ఈ దశాబ్దంలో మొదలైంది. ఇవన్నీ ఇసుక ఉత్తరానికి నడిచే తీరంలోనే ఉన్నాయి. కాకినాడకు ఉత్తరాన ఉప్పాడలో దశాబ్దాలుగా సాగుతున్న కోత, కెరటాలకు పదేపదే తెగుతున్న తీరపు రహదారి, సముద్రంలో కలిసిపోయిన ఇళ్లు ఈ తీరపు సున్నితత్వాన్ని తెలుపుతూనే ఉన్నాయి. అక్కడ కారణం ఒక్కటే కాదు. దిబ్బ ఎదుగుదల వల్ల కెరటాల దిశ మారడం, నదుల మీద ఆనకట్టల వల్ల ఒండ్రు తగ్గడం, తీరంలోని నిర్మాణాలు అన్నీ చర్చలో ఉన్నవే. ఏ కారణానికి ఎంత పాలు అన్నది శాస్త్రజ్ఞులు తేల్చవలసిన విషయం. ఇసుక లోటు మొదట తాకేది మత్స్యకారుల గడపనే అన్నది మాత్రం మద్రాసు ఉత్తరతీరం నుంచి ఉప్పాడ దాకా ఒకేలా రుజువైన వాస్తవం.

తెలుగు పరిశోధకులు చేయవలసిన పని కూడా ఇక్కడ ఉంది. నిర్మాణపత్రాలు ఇంజనీర్ల పేర్లనూ ఖర్చులనూ భద్రపరిచాయి. గాలులను, నీటి ఒరవడిని, దిబ్బల కదలికను సూచించే మాటలు వాడబలిజ, జాలరి మొదలైన మత్స్యకార సమాజాల నోట జీవించి ఉన్నాయి. ఒడ్డు ఎప్పుడు ఎంత జరిగిందన్న జ్ఞాపకం కూడా అక్కడే ఉంది. ఈ పదజాలాన్ని ప్రాంతాలవారీగా సేకరిస్తే భాషాశాస్త్రానికే కాక తీరచరిత్రకు కూడా అది ప్రాథమిక ఆధారం కాగలదు.

10. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

- తూర్పు తీరపు ఓడరేవుల చరిత్రలో ‘రేవు’, ‘ఆశ్రయం’ అనేవి వేరువేరు అవసరాలు. గుంజల మీది కట్టడం మొదటి అవసరాన్ని తీర్చింది, రాతి గోడ రెండవ అవసరాన్ని తీర్చింది. ఏ ఒక్కటీ రెంటినీ తీర్చలేదు.

- కుట్టు పడవ, మరగుంజ, బ్రేక్‌వాటర్ అనేవి వెనకబాటు నుంచి ప్రగతికి వేసిన మెట్లు కావు. వంగడం, సాగనివ్వడం, అడ్డగించడం అనే మూడు భిన్నమైన విధానాలు అవి. ప్రతి విధానానికీ దాని లాభమూ, దాని మూల్యమూ ఉన్నాయి.

- అడ్డగించే కట్టడపు మూల్యాన్ని కట్టినవారు గాక, దానికి ఉత్తరాన ఉన్న తీరవాసులు చెల్లించారు. మద్రాసు, పుదుచ్చేరి అనుభవాలు దీనికి సాక్ష్యం.

- విశాఖపట్నం నిర్మాణం ఆ మూల్యాన్ని నౌకాశ్రయ నిర్వహణలోనే చేర్చింది. ఇసుకను తోడి అవతలి ఒడ్డుకు చేర్చే బాధ్యత ఓడరేవు ఉన్నంత కాలమూ ఉంటుంది.

మోటుపల్లి శాసనంలో గణపతిదేవుడు ఒక సూత్రాన్ని ప్రకటించాడు. సముద్రం ఒడ్డుకు తెచ్చినంత మాత్రాన ఒకరి సొత్తు మరొకరిది కాదు. ఆనాడు ఆ సూత్రం వర్తకుల సరుకుకు వర్తించింది. ఉత్తరపు ఒడ్డుకు చేరవలసిన ఇసుకకు కూడా దానిని వర్తింపజేయవచ్చునా అన్నది, కొత్త ఓడరేవులు కడుతున్న ఈ కాలం తేల్చవలసిన ప్రశ్న.